జీ రైలు దారిలో ఇల్లు కొనేవారికి హెచ్చరిక: శని, ఆదివారాల ప్రయాణం చూడకుండా సంతకం చేయకండి

న్యూయార్కులో బ్రూక్లిన్, క్వీన్స్ ప్రాంతాలను కలిపే జీ రైలు దారిలో ఇల్లు కొనాలని గానీ, ఏడాది ఒప్పందం మీద అద్దెకు తీసుకోవాలని గానీ చూస్తున్న తెలుగువారందరికీ ఈ హెచ్చరిక. ఇంటి ప్రకటనలో రాసే ప్రయాణ సమయం సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిచే రైలును బట్టి రాసినది. శని, ఆదివారాల్లో అదే స్టేషను నుంచి అదే చోటికి వెళ్లడానికి రెట్టింపు సమయం పట్టవచ్చు, కొన్ని వారాల్లో అసలు రైలే ఉండకపోవచ్చు. కొనేముందు ఈ సంగతి తమంతట తాముగా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

మేము బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్‌లో ఫ్లాటు చూసినప్పుడు బ్రోకరు పదే పదే చెప్పిన మాట, క్వీన్స్ ఇక్కడికి ఒక్క స్టాపే అని. అది అబద్ధమేమీ కాదు. గ్రీన్‌పాయింట్ అవెన్యూలో రైలెక్కితే అది బ్రూక్లిన్, క్వీన్స్ మధ్య న్యూటౌన్ క్రీక్ అనే నీటిపాయ అడుగునున్న సొరంగం గుండా వెళ్లి 21వ వీధి స్టేషనులో ఆగుతుంది, ఆ తర్వాతిది కోర్ట్ స్క్వేర్, అక్కడ 7వ నంబరు రైలు అందుకుంటే జాక్సన్ హైట్స్ మీదుగా ఫ్లషింగ్ దాకా వెళ్లవచ్చు. నా భార్య క్వీన్స్‌లోని ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమెకు శని, ఆదివారాల్లో కూడా డ్యూటీ పడుతుందని బ్రోకరుకు ముందే చెప్పాము. ఆయన సరేనని తలూపి, ఫోనులో మ్యాపు తెరిచి, మామూలు పనిదినం మధ్యాహ్నం చూపించే సమయాన్నే మా ముందు పెట్టారు. ఆయన పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆ తర్వాత మాకు పరిచయమైన కొనుగోలుదారులకు వేరే బ్రోకర్లు కూడా ఇదే పద్ధతిలో లెక్క చెప్పారు.

ఈ లైను మిగతావాటి కంటే ఎందుకు ఎక్కువ ఇబ్బంది పెడుతుందో తెలియాలంటే దాని తీరు కొంత తెలియాలి. చిన్న షటిల్ రైళ్లను పక్కన పెడితే, న్యూయార్కు సబ్‌వేలో మాన్‌హట్టన్‌లో అడుగు పెట్టని లైను ఇదొక్కటే. తొలి భాగం 1933లో, మొత్తం దారి 1937లో ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు క్వీన్స్‌లో ఫారెస్ట్ హిల్స్ దాకా వెళ్లేది. 2001 డిసెంబరులో పనిదినాల్లో పగటిపూట దాన్ని కోర్ట్ స్క్వేర్ దగ్గరే ఆపేశారు, రాత్రులూ శని ఆదివారాలూ మాత్రం పాత దారి ఉంటుందని అన్నారు, 2010 ఏప్రిల్‌లో ఆ మిగిలిందీ తీసేశారు. బ్రూక్లిన్ వైపు కొసను మాత్రం 2009లో కెన్సింగ్టన్ పేటలోని చర్చ్ అవెన్యూ దాకా పొడిగించారు. స్టేషన్ల ప్లాట్‌ఫారాలు దాదాపు 600 అడుగుల పొడవుంటే, వచ్చే రైలు అందులో సగమే ఉంటుంది. అందుకే ఈ దారికి కొత్తవాళ్లు ప్లాట్‌ఫారం చివరన నిలబడి, రైలు మధ్యలో ఆగాక దాని వెంట పరుగెత్తుతూ కనిపిస్తారు.

అసలు కారణం పట్టాల దగ్గర ఉంది. హైదరాబాదు మెట్రో రాత్రి ఆగిపోతుంది కాబట్టి మరమ్మతులకు రోజూ కొన్ని గంటలు దొరుకుతాయి. న్యూయార్కు సబ్‌వే ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, అందువల్ల పెద్ద పనులన్నీ జనం తక్కువగా ఉంటారనుకునే రాత్రులకూ శని ఆదివారాలకూ పెట్టుకుంటారు. నాలుగేసి పట్టాలున్న దారుల్లో ఒకవైపు పని జరుగుతుంటే రైలును పక్క పట్టా మీదికి మళ్లించే వీలుంటుంది. జీ రైలు నడిచే క్రాస్‌టౌన్ దారిలో దాదాపు అంతటా పోయేందుకొకటి, వచ్చేందుకొకటి చొప్పున రెండే పట్టాలు ఉన్నాయి. ఒకటి మూస్తే రెండోదాని మీద అటూ ఇటూ వంతులవారీగా నడపాలి, లేదా రైలు మొత్తం ఆపి బస్సులు వేయాలి.

ఇది అరుదుగా జరిగేదీ కాదు. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూటౌన్ క్రీక్ కింది సొరంగంలోకి ఉప్పునీరు చేరి తీగలూ పంపులూ సిగ్నళ్లూ పాడైపోయాయి. దాన్ని బాగుచేయడానికి 2013లో పలు శని ఆదివారాలు, 2014 వేసవిలో ఏకబిగిన ఐదు వారాలు క్వీన్స్ వైపు రైళ్లు ఆపారు. మళ్లీ 2024లో పాత సిగ్నళ్ల స్థానంలో కంప్యూటరు ఆధారిత కొత్త సిగ్నలింగ్ పెట్టడం కోసం జూన్ చివర నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా లైనును భాగాలుగా మూశారు. ఈ పనులు అనవసరమని నేను అనను. దశాబ్దాల నాటి సిగ్నళ్లతో రైళ్లు క్షేమంగా, వేళకు నడవాలంటే ఎప్పుడో ఒకప్పుడు చేయవలసిందే. ఆ భారం మోసేది మాత్రం శని, ఆదివారాల్లో పనికి వెళ్లేవాళ్లు. నర్సులు, వంటవాళ్లు, హోటళ్లలో గదులు సర్దేవాళ్లు, దుకాణాల్లో నిలబడే విద్యార్థులు ఉండేది ఎక్కువగా ఇలాంటి శివారు పేటల్లోనే, వాళ్లకు ఆదివారమూ పనిరోజే. కొనేటప్పుడు ఈ సంగతి అడగవలసింది కూడా ముందుగా వాళ్లే.

రైలు లేని శనివారం ఎలా ఉంటుందో చెబుతాను. స్టేషను మెట్ల దగ్గర పసుపు టేపు కట్టి, పక్కన కాగితం అంటించి ఉంటుంది. షటిల్ బస్సు ఆగేది ఆ మెట్ల దగ్గర కాదు, మలుపు తిరిగి వెళ్లాక ఒక దీపస్తంభానికి కట్టిన అట్ట దగ్గర. అక్కడ మెరిసే జాకెట్ వేసుకున్న ఒక ఉద్యోగి ఉంటే అడగవచ్చు, లేకపోతే నిలబడి ఉన్నవాళ్లు ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. ఒక్కోసారి రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఆ తర్వాత చాలాసేపు ఒక్కటీ రాదు. రైలు రెండు మూడు నిమిషాల్లో దాటేసే క్రీకును దాటడానికి బస్సు పులాస్కీ వంతెన ఎక్కాలి. అది పడవల కోసం పైకి లేచే వంతెన. లేచిందంటే దిగేదాకా బస్సు, దాని వెనక వాహనాలన్నీ ఆగవలసిందే. ఉదయం ఏడింటి డ్యూటీకి నా భార్య అలాంటి రోజుల్లో ఇంకా చీకటి ఉండగానే బయలుదేరుతుంది, బస్సు అందకపోతే టాక్సీకి పెట్టే డబ్బు ఆ పూట సంపాదనలో చెప్పుకోదగ్గ భాగమే.

ఇంకొక చిక్కు ఉంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. జీ రైలు బాగా నడుస్తున్న ఆదివారం కూడా, మనం మారవలసిన రైలు ఆగి ఉండవచ్చు. 2018లో కొత్త సిగ్నలింగ్ అమల్లోకి వచ్చేదాకా ఎన్నో శని ఆదివారాలు 7వ నంబరు రైలు క్వీన్స్‌బరో ప్లాజా దాటి ఇవతలికి రాలేదు, అలాంటి మూసివేతలు ఇప్పటికీ అప్పుడప్పుడూ పడుతూనే ఉంటాయి. అటువంటి రోజున కోర్ట్ స్క్వేర్‌లో దిగినవాళ్లు క్వీన్స్‌బరో ప్లాజా దాకా నడిచిగానీ బస్సులోగానీ వెళ్లాలి. మా అత్తగారూ మామగారూ ఊరి నుంచి వచ్చినప్పుడు ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ మీదున్న గణపతి గుడికి ఆదివారం తీసుకెళ్లాలనుకుంటే, గుడి వేళల కంటే ముందు రైళ్ల మూసివేతలు చూసుకోవలసి వచ్చేది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బస్సు దింపి, మెట్లెక్కించి, మళ్లీ దింపి తీసుకెళ్లడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుస్తుంది.

కొందరు బ్రోకర్లు రాబోయే లైన్ల పేరు చెప్పి ధర పెంచుతారు, అక్కడా జాగ్రత్త. 2016లో నగర ప్రభుత్వం బ్రూక్లిన్, క్వీన్స్ నదీతీరం వెంట ట్రాము వేస్తామని ప్రకటించింది, అది కట్టనే లేదు. 2022 జనవరిలో రాష్ట్ర గవర్నరు ప్రకటించిన ఇంటర్‌బరో ఎక్స్‌ప్రెస్ దానికంటే గట్టి ప్రతిపాదన. బ్రూక్లిన్‌లోని బే రిడ్జ్ నుంచి క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ దాకా, ఇప్పుడున్న సరుకు రైళ్ల దారి వెంట, 14 మైళ్ల పొడవున తేలికపాటి రైలు నడపాలన్నది ఆలోచన. నాకు దాని మీద నిజంగా ఆశ ఉంది, ఎందుకంటే శివారు నుంచి శివారుకు వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసే లైను అది. అయినా అది గ్రీన్‌పాయింట్ మీదుగా పోదు, దాని దారిలో ఉన్న పేటల్లో కూడా రైలు తిరగకముందే అది ఉన్నట్టు లెక్కేసి ఇంటికి ఎక్కువ ధర చెల్లించవద్దు. పాతబస్తీకి మెట్రో వస్తుందన్న మాట ఎన్నేళ్లుగా వింటున్నామో హైదరాబాదువాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

కొనేముందు చేయవలసిన పని కష్టమేమీ కాదు. ఇక్కడ ఇళ్లు చూపించే ఓపెన్ హౌసులు ఎక్కువగా ఆదివారమే పెడతారు, చాలామంది స్నేహితుల కారులోనో టాక్సీలోనో వెళ్తారు. మీరు మాత్రం రైలులోనే వెళ్లండి, చూసిన తర్వాత ఇంటికి కాకుండా మీరు నిజంగా శని ఆదివారాల్లో వెళ్లవలసిన చోటికి, పనిచేసే చోటికో గుడికో బంధువుల ఇంటికో, అక్కడి నుంచే వెళ్లి చూడండి. ఒక్క వారంతో సరిపెట్టకండి, ఎందుకంటే పనులు లేని ఆదివారం తగిలితే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఫోను మ్యాపులో బయలుదేరే సమయాన్ని రాబోయే శనివారం ఉదయానికి మార్చి చూడండి, మీ దారిలోని రైళ్లన్నిటికీ ముందుగా ప్రకటించే మార్పులను కొన్ని వారాలపాటు గమనించండి. ఆ మేడలోనే ఉండేవాళ్లు లిఫ్టు దగ్గర కనిపిస్తే ఆదివారం ఎలా వెళ్తున్నారని అడగండి, బ్రోకరు పక్కన లేనప్పుడు అడిగితే ఇంకా మంచిది.

ఇదే లైను మీద కూడా అన్ని స్టేషన్లూ ఒకటి కావు. మెట్రోపాలిటన్ అవెన్యూ దగ్గర ఎల్ రైలు, హోయ్ట్-షర్మర్‌హార్న్‌లో ఏ, సీ రైళ్లు, బెర్గెన్ స్ట్రీట్ నుంచి చర్చ్ అవెన్యూ దాకా ఎఫ్ రైలు ఉంటాయి కాబట్టి జీ ఆగినా మరో దారి మిగులుతుంది. గ్రీన్‌పాయింట్ అవెన్యూ, నసావ్ అవెన్యూ, మర్టిల్-విలోబీ, బెడ్‌ఫర్డ్-నోస్ట్రాండ్, క్లాసన్ అవెన్యూ స్టేషన్లలో జీ తప్ప వేరే రైలు లేదు. వాటి దగ్గర కొనేవాళ్లు ఇంటి నుంచి మామూలు సిటీ బస్సు స్టాపు ఎంత దూరమో కూడా చూసుకోవాలి. గ్రీన్‌పాయింట్‌లోనైతే పులాస్కీ వంతెన మీదుగా క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీకి వెళ్లే బీ62 బస్సు ఉంది, శనివారం రైలు లేనప్పుడు మా ఇంట్లో నమ్ముకునేది దాన్నే. ఆ బస్సు స్టాపుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఇంటికీ, లేని ఇంటికీ ఒకే ధర చెబితే, ఆ తేడా చూపించి బేరమాడండి.