అమ్మ నడవగలిగినంత విశాఖ

ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆ వారంలో ఎవరెవరి వల్ల నా పని తేలికైందో డైరీలో నాలుగు లైన్లు రాసుకోవడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. మామూలుగా అరపేజీ దాటదు. ఈ వేసవిలో అమ్మని తీసుకుని వైజాగ్ వెళ్ళొచ్చిన వారం మాత్రం నాలుగు పేజీలు నిండాయి. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని అందులోంచి కొంత ఇక్కడ రాస్తున్నాను.

అమ్మకి 71 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నాన్న వైజాగ్ షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేశారు, ముప్ఫై ఏళ్ళు మల్కాపురంలోనే మా కాపురం. ఆయన పోయాక అమ్మ హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసింది. నాలుగేళ్ళయింది. ఒక్కసారి కూడా "వైజాగ్ తీసుకెళ్ళవే" అని అడగలేదు. టీవీలో తుపాను వార్త వస్తే మాత్రం వంటింట్లోంచి లేచి వచ్చి కూర్చునేది. అది చూసే ఈసారి సెలవుల్లో ఇంకెక్కడికీ వద్దనుకున్నాం.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మాకు కింది బెర్త్ ఒక్కటీ రాలేదు. ఎదుటి సీటులో కుర్రాడు అమ్మ మోకాలు పట్టుకుని కూర్చోవడం చూసి, మేం అడక్కముందే దుప్పటి తీసుకుని పైకెక్కిపోయాడు. డైరీలో మొదటి లైను ఆ అబ్బాయిదే. తెల్లారగట్ల అనకాపల్లి వస్తుంటే అమ్మే పిల్లల్ని లేపింది. "బెల్లం ఊరొచ్చిందిరా, లేవండి. ఇంక గంటలో దిగిపోతాం." అంత హుషారుగా అమ్మ గొంతు విని చాన్నాళ్ళయింది.

ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడే దెబ్బతిన్నాం. బీచ్ రోడ్డులో ఫోటోలు చూసి ఆన్‌లైన్‌లో ఒక గది బుక్ చేశాం. రోజుకి 3,400. సముద్రం కనిపిస్తుందన్నారు. కిటికీ పక్కన నిలబడి మెడ తిప్పితే రెండు మేడల మధ్య చెయ్యంత నీలం కనిపించింది. అదేమంత బాధ కాదు. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ రిపేరులో ఉంది. ఫోన్ చేసినప్పుడు పెద్దావిడ ఉన్నారని చెప్పాను, అప్పుడైనా చెప్పొచ్చు కదా. అమ్మ ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగి, "ఏం పర్లేదు, ఏం పర్లేదు" అంటూ ఎక్కింది. పైకి వెళ్ళాక మంచం మీద కూర్చుని గంట సేపు మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండో రోజు పొద్దున్నే ఖాళీ చేశాం. డబ్బు సగమే తిరిగొచ్చింది.

ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి కింది వాటా దొరికింది. రోజుకి 2,200. రెండు గదులు, గ్యాస్ పొయ్యి, వెస్టర్న్ టాయిలెట్, గుమ్మానికి ఒక్కటే మెట్టు. సముద్రం కనిపించదు, బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉన్నాయి, మధ్యాహ్నం ఏసీ గది దాటి ఇవతలికొస్తే ఉక్కపోతకి చెమట ఆరేది కాదు. అయినా మళ్ళీ వెళితే అక్కడే దిగుతాం. పై వాటాలో ఉండే ఇంటావిడ మొదటి రోజే గిన్నెడు మజ్జిగ, నాలుగు సువర్ణరేఖ మామిడిపళ్ళు పంపించారు. సువర్ణరేఖ బుగ్గ మీద ఆ ఎరుపు చూసి అమ్మ చాలాసేపు కొయ్యనివ్వలేదు, చేతిలో పట్టుకుని వాసన చూస్తూ కూర్చుంది. దగ్గర్లోనే రైతుబజారు ఉండటం మాకు బాగా కలిసొచ్చింది. ముంజలు, కూరలు, మజ్జిగలోకి కరివేపాకు, అన్నీ పొద్దున్నే తెచ్చుకునేవాళ్ళం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: గదిలోంచి సముద్రం కనిపిస్తుందా అని తర్వాత అడగండి, ముందు ఎన్ని మెట్లో అడగండి.

ఆర్కే బీచ్‌కి సాయంత్రం అయిదున్నర దాటాకే వెళ్ళాలి, అంతకుముందు గాలి కూడా వేడిగానే ఉంటుంది. అక్కడ లోతు ఎప్పుడు మారుతుందో తెలియదు, అల వెనక్కి లాగుతుంది. పిల్లల్ని పాదాలు తడిసేదాకానే వెళ్ళనిచ్చాం. స్నానాలకైతే రుషికొండ నయం. శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన తీరం అది, బట్టలు మార్చుకోవడానికి గదులున్నాయి. అమ్మకి మాత్రం ఆర్కే బీచే ఇష్టం, గట్టు మీద కూర్చోవచ్చు కాబట్టి. అక్కడ మురీ మిక్చర్ తినకుండా ఏ వైజాగ్ పిల్లా పెరగదు. బండి అతను మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి, కారం చల్లి, నిమ్మకాయ పిండి, డబ్బాలో గరిటెతో టకటకలాడిస్తాడు. కాగితం పొట్లం చేతికొచ్చాక ఆలస్యం చెయ్యకూడదు, రెండు నిమిషాల్లో మెత్తబడిపోతుంది. మా చిన్నాడు కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే రెండో పొట్లం అడిగాడు.

ఆ రోడ్డులోనే కుర్సురా జలాంతర్గామి. సోమవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి. 1969 డిసెంబర్‌లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. లోపల గైడ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. పుస్తకం అప్పజెప్పినట్టు చెప్పరు. ఎక్కడ పడుకునేవాళ్ళు, ఎంత నీటితో సరిపెట్టుకునేవాళ్ళు, అన్నీ తమ ఇల్లు చూపిస్తున్నట్టు చెబుతారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు దీన్ని వదులుకోవద్దు. కాకపోతే ఒక అరలోంచి ఇంకో అరలోకి గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుదరదు. అమ్మ కింద ఉండిపోయింది. మేం బయటికొచ్చేసరికి ఆవిడ నీడలో కుర్చీలో కూర్చుని ఉంది. అక్కడి సిబ్బందిలో ఒకాయన తను కూర్చున్న కుర్చీ తెచ్చి వేశాడట. నాన్న షిప్‌యార్డ్ మనిషని తెలిసి చాలాసేపు కబుర్లు కూడా చెప్పాడట. ఆ కుర్చీ డైరీలో ఉంది.

కైలాసగిరి మీదికి కారు నేరుగా పైదాకా వెళుతుంది, నడక తక్కువ. తెల్లటి శివపార్వతుల విగ్రహాల దగ్గర ఎండకి నిలబడలేకపోయాం కానీ, కొండ చుట్టూ తిరిగే చిన్న రైల్లో అమ్మ పిల్లలకంటే ముందెక్కి కూర్చుంది. అటు ఊరు, ఇటు సముద్రం, తీరం విల్లులా వంగి కనిపిస్తుంది.

సింహాచలానికి చందనోత్సవం వెళ్ళిన రెండు వారాలకి వెళ్ళాం. ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడే స్వామి చందనం పూత లేని నిజరూపంలో కనిపిస్తాడు, ఆ జనంలో అమ్మని నిలబెట్టడం మా వల్ల కాదు. మామూలు రోజు తెల్లవారుజామున వెళితే ప్రశాంతంగా దర్శనమైంది. కప్పస్తంభం దగ్గర అమ్మ ఆగి, "నీకోసం ఇక్కడే మొక్కుకున్నానే" అంది. నాకు నలభై రెండేళ్ళొచ్చాక ఆ మాట మొదటిసారి వింటున్నాను. కొండ మీద సంపెంగలు అమ్మే ఆవిడ దగ్గర నాలుగు పువ్వులు కొని అమ్మ జడలో పెట్టాను. సాయంత్రం దాకా గదంతా అదే వాసన.

బుధవారం మా ఆయన పిల్లల్ని తీసుకుని అరకు వెళ్ళారు, రైలుకి అద్దాల బోగీ టికెట్లు ముందే చేశారు. బోలెడన్ని సొరంగాలున్న దారి, మా పెద్దది వేళ్ళ మీద లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పిందట. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, అమ్మని తీసుకెళ్ళకపోవడమే మంచిదైంది.

ఆ రోజు మేమిద్దరం మల్కాపురం వెళ్ళాం. ఆటో సింధియా దాటుతుంటే షిప్‌యార్డ్ గేటు కనిపించింది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష ఓడ నీళ్ళలోకి దిగింది అక్కడే. నా చిన్నప్పుడు నాన్న ఆ కథ తను కళ్ళారా చూసినట్టే చెప్పేవారు, ఆయన పుట్టిందే 1950లో. అమ్మ ఆటో ఆపమంది. గేటు వైపు చూసి, "ఇప్పుడందరూ బళ్ళ మీదే వస్తున్నారు. మీ నాన్న చివరిదాకా సైకిలే," అంది. అయిదు నిమిషాలు ఆగాం. ఆటో అతను ఇంజన్ ఆపేసి ఊరుకున్నాడు, వెయిటింగ్‌కి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

మా పాత ఇంటి పక్కన పిన్ని అక్కడే ఉంది. అమ్మని చూడగానే గుమ్మంలోనే పట్టేసుకుని, "ఏటక్కా, ఇలా చిక్కిపోనావేటి? నీ కూతురు తిండి పెట్టట్లేదేటి?" అని నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. పెరట్లో పెద్ద నేరేడు చెట్టు ఉండేది, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌కి పడిపోయింది. ఆ మొదలు నుంచి లేచిన కొమ్మ ఇప్పుడు ఇంటి కప్పు దాటింది.

అమ్మకి వంజరం పులుసు తినాలని ఉండేది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లని వేటకి వెళ్ళనివ్వరు. బజారులో ఉన్న కాసింత చేపా అందుకోలేని ధర. పిన్ని అటక మీద డబ్బా దింపి ఎండు నెత్తళ్ళు తీసింది. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో చేట పెట్టుకుని, ఒక్కొక్క నెత్తడి తల తుంచి పక్కన వేస్తోంది. పిన్ని వాటిని పెనం మీద వేయించి, గోరువెచ్చటి నీళ్ళలో మూడుసార్లు కడిగి ఇసుక పోగొట్టి, పుల్లమామిడి ముక్కలతో పులుసు పెట్టింది. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరి కూతురు ఎక్కడుంది, ఎవరు పోయారు, రేషన్ డిపో ఎక్కడికి మారింది. నేను గోడకానుకుని విన్నాను. హైదరాబాద్‌లో మా ఇంట్లో అమ్మకి ఏ లోటూ లేదనుకునేదాన్ని. మాటకి మాట కలిపే మనిషిని మాత్రం ఇవ్వలేకపోయానని అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

మర్నాడు భీమిలికి 900K నంబరు సిటీ బస్సెక్కాం. యాప్‌లో ఆటోలు మూడుసార్లు క్యాన్సిల్ చేశాయి. వచ్చిన నాలుగో అతను రేటు పెంచాడు, అంతకంటే బస్సే హాయి అనిపించింది. మెట్టు ఎత్తుగా ఉంటే కండక్టరమ్మ చెయ్యిచ్చి లాగింది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులు ఉచితం కదా. నా ఆధార్ హైదరాబాద్‌ది, నాకు టికెట్ కొట్టారు. అమ్మ ఆధార్‌లో మాత్రం మల్కాపురం అడ్రసే ఉంది, నాలుగేళ్ళుగా మార్పించడానికి ఒప్పుకోలేదు. కండక్టరమ్మ చూసి, "ఈ ఊరోరే" అని జీరో టికెట్ ఇచ్చింది. అమ్మ దాన్ని మడిచి చిల్లర పర్సులో పెట్టుకుంది.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు కారు ఆగే దగ్గర్నుంచే కనిపిస్తుంది, నడవక్కర్లేదు. నిన్న బొర్రాలో చూసిన ఏరే ఇదని చెబితే పిల్లలు మొదట నమ్మలేదు. డచ్చివాళ్ళ సమాధులు బయటినుంచే చూసి వచ్చేశాం, ఎండ అలాంటిది.

శుక్రవారం తిరుగు రైలెక్కేముందు పిన్ని కొడుకు స్టేషన్‌కి వచ్చి మాడుగుల హల్వా డబ్బా, ఒక సీసా ఆవకాయ ఇచ్చి వెళ్ళాడు. అమ్మ పర్సులో ఆ జీరో టికెట్ ఇంకా ఉంది. మెషీన్ కాగితం కదా, అక్షరాలు అప్పుడే మాసిపోతున్నాయి. జూన్ 15 దాటాక రమ్మంది పిన్ని, బోట్లు వెళతాయి, వంజరం దొరుకుతుందని. అప్పటికి పిల్లలకి బడులు తెరిచేస్తారు. అమ్మా నేనూ ఇద్దరమే వెళతాం. ఎంవీపీ కాలనీలో కింది వాటా మూడు రోజులకి చెప్పేశాను.