ఫ్లెక్సీ మెషిన్ చప్పుడుకి తట్టుకున్న పాటలు

గుంటూరులో మా బాబాయికి ఫ్లెక్సీ షాపు ఉంది. డిజైన్లు చేసేది నేను. రాత్రిళ్ళు మెషిన్ దగ్గర ఉండేది నేనూ, ఇంకో కుర్రాడూ. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, వర్ధంతులు, కొత్తగా పదవి వచ్చినవాళ్ళకి శుభాకాంక్షలు. పది దాటాక షట్టరు సగం దించి ప్రింట్లు వదులుతాం. మెషిన్‌లో ఇంకు చల్లే హెడ్డు అటూ ఇటూ పరిగెడుతూ తెల్లారేదాకా ఒకటే తాళం వేస్తుంది. దాని పక్కనే పాత స్పీకరు, దానికి నా ఫోను.

పాటకి నేను పెట్టే పరీక్ష అక్కడే. మొదటిసారి బావుండే పాటలు బోలెడు. ఇరవయ్యో రోజు, రాత్రి రెండింటికి, ఇంటిపేరులో ఒత్తు తప్పు పడిందని 10 బై 8 బ్యానరు మళ్ళీ మొదటినుంచి తీస్తున్నప్పుడు కూడా తీసెయ్యబుద్ధి కానిది ఏదుందో అదీ లెక్క. రెండున్నరేళ్ళుగా సినిమా పాటలు పక్కన పెట్టి ఇండీ (సినిమాల కోసం కాక సొంతంగా చేసుకునేది), ఎలక్ట్రానిక్, మెటల్ (గిటార్లు, డ్రమ్ములు హోరెత్తే రాక్) అంటూ దొరికిందల్లా విన్నాను. ఎక్కువ భాగం వారం తిరక్కుండానే జారిపోయాయి. మిగిలిన కొన్నిటి గురించే ఇది.

ముందు మనవాడితో మొదలెడతా. సిద్ శ్రీరామ్ గొంతు తెలియని తెలుగువాడు లేడు. ‘సామజవరగమన’ని మా కస్టమర్ల రింగ్‌టోన్లలోనే వందసార్లు విని ఉంటాను. అదే మనిషి 2023లో ‘సిద్ధార్థ్’ అని ఇంగ్లీషులో సొంత ఆల్బమ్ వేశాడని చెబితే మాత్రం "ఏ సినిమాలోది?" అని అడుగుతారు. ఏ సినిమాలోదీ కాదు. మినియాపోలిస్‌లో రయన్ ఓల్సన్ నిర్మాతగా చేసింది. అందులో ‘డియర్ సహానా’ వినండి. పేరు చూడగానే మా అమ్మ శనివారం పూట పాడుకునే ‘గిరిపై నెలకొన్న’ గుర్తొచ్చింది, అది సహాన రాగమే కాబట్టి. ఒక రాగానికి ఉత్తరం రాసుకుంటే ఇలా ఉంటుందేమో అని నా ఊహ.

నిజం చెప్పాలంటే మొదటి వారం నచ్చలేదు. సినిమా పాటలో గొంతు మన ఒళ్ళో కూర్చున్నట్టు ముందుకి ఉంటుంది. ఇక్కడ గొంతుని ముక్కలు చేసి, వంచి, పొగలో తిప్పారు. రెండో వారం ఒక రాత్రి మెషిన్ ఆపి ఇంకు నింపుతుంటే ఆ నిశ్శబ్దంలో ఒక గమకం వచ్చింది. మాటలు ఇంగ్లీషువి, వంపు మాత్రం మనది. ఆ తర్వాత తీసెయ్యలేదు. ఆల్బమ్ మొత్తం మీద నా ఫిర్యాదు కూడా అదే: కొన్ని పాటల్లో ఎఫెక్టుల కింద గొంతు మునిగిపోయింది, ఇంత గొంతు పెట్టుకుని దాచుకోవడం ఎందుకో.

అమ్మకి వినిపించాను. "వీడు బాగా పాడతాడు కదా, ఎవరైనా బెదిరించారా ఇలా పాడమని?" అంది. ఆవిడ సమీక్ష అది.

రాగం మాట వచ్చింది కాబట్టి ఆరుషి జైన్. బ్రూక్లిన్‌లో ఉంటుంది, హిందుస్తానీ నేర్చుకున్న మనిషి, వాయించేది మాడ్యులర్ సింథసైజర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లాగా వైర్లు పీకి వైర్లు గుచ్చి స్వరం పుట్టించే యంత్రం అది. 2024లో వచ్చిన ‘డిలైట్’ ఆల్బమ్‌కి ఆధారం బాగేశ్రీ రాగం. ఘంటసాల పాత పాటలు విన్న చెవికి ఈ రాగం కొత్త కాదు, కానీ అక్కడ మూడు నిమిషాల్లో వచ్చి వెళ్ళిపోయే మనిషి ఇక్కడ ఇంట్లోనే మకాం పెడతాడు. ‘ఇమాజిన్ యాన్ ఆర్కెస్ట్రా’తో మొదలెట్టండి. బాగేశ్రీ రాత్రి పాడే రాగమని పెద్దలంటారు. పగలు కస్టమర్ల మధ్య పెట్టి చూశాను, ఏసీ శబ్దంలా ఉంది. రాత్రి ఒంటిగంటకి అదే పాట వేరే పాట. ఎందుకో నాకు తెలీదు, నిద్రమత్తు కూడా కారణం కావచ్చు. పల్లవి, చరణం, బీటు కావాలనుకునేవాళ్ళు మాత్రం దీని జోలికి వెళ్ళొద్దు.

ఎలక్ట్రానిక్‌లో నా అసలు ప్రేమ జరమ్. ఇంగ్లండువాడు, అసలు పేరు ఫీలిక్స్ మాన్యుయెల్. పేరు ఎలా పలకాలో తెలియక మా షాపులో ‘జ్వరం’ అని పిలుస్తాం. 2025లో ‘అండర్ టాంగిల్డ్ సైలెన్స్’ వచ్చింది. హార్డ్ డ్రైవ్ పోయి, అప్పటిదాకా చేసిన పని చాలావరకు పోగొట్టుకుని, మళ్ళీ మొదలెట్టి చేసిన ఆల్బమ్ అది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. పెళ్ళిళ్ళ సీజను మధ్యలో మా హార్డ్ డిస్క్ పోయింది ఒకసారి, నాలుగేళ్ళ డిజైన్లు. బాబాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మేం మళ్ళీ చేసినవి పాతవాటి కన్నా నాసిరకంగా వచ్చాయి. ఈయనకి మాత్రం ఇలా వచ్చింది!

‘త్రీ ఫాక్సెస్ ఛేజింగ్ ఈచ్ అదర్’ అని ఒక పాట. పేరులో చెప్పినట్టే, మూడు నక్కలు ఒకదాని వెనక ఒకటి. లయ పరిగెత్తుతుంటుంది, ఎవరు ఎవర్ని తరుముతున్నారో అర్థమయ్యేలోపు దిశ మారిపోతుంది. తవిల్ వాయించేవాళ్ళు పెళ్ళిలో ఒకరినొకరు కవ్వించుకుంటూ వాయిస్తారే, ఆ తమాషా ఇందులో ఉంది. మొదటి రాత్రి మా కుర్రాడు పరిగెత్తుకొచ్చి హెడ్డు మీద చెయ్యేశాడు. "అన్నా, హెడ్డు తన్నేస్తోంది!" మెషిన్ కాదురా, పాట. ఆ రోజు నుంచి వాడికి కూడా ఇష్టం, మెషిన్ తాళం దీనితో ఎక్కడ కలుస్తుందో వేలితో బల్ల మీద కొట్టి చూపిస్తాడు. నాకింకా దొరకలేదు. అదే ఆల్బమ్‌లో ‘ఎ ట్యూన్ ఫర్ అజ్’ పియానోతో నెమ్మదిగా ఉంటుంది, గంతులు వద్దనుకునేవాళ్ళు అక్కడ మొదలెట్టొచ్చు. ఏడాదికి పైగా దాదాపు రోజూ విన్నాను, విసుగు రాలేదు.

విసుగు వచ్చినదీ చెప్పాలి కదా. మాండీ, ఇండియానా అనే బ్యాండు. పేరు చూసి మనదేశంవాళ్ళు అనుకున్నాను. కాదు, మాంచెస్టర్‌వాళ్ళు, అమెరికాలోని గ్యారీ, ఇండియానా అనే ఊరి పేరు నుంచి పెట్టుకున్నారు, పాడేది ఫ్రెంచిలో. 2023 నాటి ‘పింకింగ్ షియర్స్’ మొదటి పది రోజులు పిచ్చెక్కించింది. ఇనుప సామాన్ల కొట్టులో జాతర జరుగుతున్నట్టు ఉంటుంది. నెల తిరిగేసరికి తలనొప్పి. తప్పు పాటది కాదేమో, మెషిన్ ఒకటి పక్కనే ఉన్నవాడికి ఇంకో మెషిన్ అక్కర్లేదు. నిశ్శబ్దమైన ఇంట్లో ఉండేవాళ్ళు ప్రయత్నించండి, నాకన్నా ఎక్కువ కాలం నచ్చుతుంది.

పీటర్ క్యాట్ రికార్డింగ్ కో గురించి ఎక్కువ చెప్పను. ఢిల్లీ బ్యాండు, 2024లో ‘బీటా’ వేశారు. ‘సడన్‌లీ’, ‘పీపుల్ నెవర్ చేంజ్’ రెండూ బావుంటాయి. సూర్యకాంత్ సాహ్నీ గొంతు పెళ్ళి అయిపోయి షామియానా విప్పుతున్నప్పుడు ఇంకా ఇంటికెళ్ళని చుట్టంలా ఉంటుంది. తెల్లవారుజామున షట్టరు ఎత్తే వేళకి సరిగ్గా సరిపోతుంది.

ఇక మెటల్. హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ (గర్జించే గొంతుతో సాగే మెటల్) బ్యాండు ఉందని మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? వాళ్ళ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ 2021ది. ఇందులోంచి ఒక పాట ఏరి ఇవ్వమంటే ఇవ్వను, మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపులో వినాలి. అర్జెంటు ఆర్డరు వచ్చిన రాత్రి ఇదే మాకు టీ. ఆ గొంతు విని మా కుర్రాడు, "ఈయనకి పూనకమా అన్నా?" అన్నాడు. అమ్మవారి జాతరలో ఆ గొంతు విని దణ్ణం పెట్టేవాళ్ళం, స్పీకర్లో వస్తే మాత్రం అరుపులంటాం.

చివరిది చాట్ పైల్. ఓక్లహోమా సిటీ బ్యాండు, 2022 ఆల్బమ్ ‘గాడ్స్ కంట్రీ’, పాట పేరు ‘వై’. మెటల్ వినేవాళ్ళకి బాగా తెలిసిందే, బయటివాళ్ళకి అసలు తెలియదు. డ్రమ్ములు ఎలక్ట్రానిక్‌వి, రేకు మీద సుత్తితో కొట్టినట్టు మోగుతాయి. గిటార్లు బురదలో లారీ చక్రంలా తిరుగుతాయి. గాయకుడు పాడడు, అడుగుతాడు: మనుషులు బయట ఎందుకు బతకాలి? ముందు మామూలుగా, తర్వాత కేకేస్తూ, అదే ప్రశ్న. ఉపమానం లేదు, కవిత్వం లేదు. మొదట్లో ఇదేం పాటరా అనుకున్నాను.

మా షాపులో తప్పు పడ్డ బ్యానర్లూ, పండగ అయ్యాక తిరిగొచ్చినవీ వెనక గోడకి చుట్టి పెడతాం. బ్రిడ్జి కింద ఉండేవాళ్ళు వచ్చి అడిగి పట్టుకెళ్తారు. ఒకటి పైకప్పు, ఒకటి కింద పరుచుకోడానికి. నేను రాత్రంతా రంగులు సరిచేసిన మొహాలు, అక్షరాలు తప్పినవి, పొద్దున ఇంటికెళ్ళే దారిలో తలకిందులుగా వేలాడుతూ కనబడతాయి. ఈ పాట వినడం మొదలెట్టాక వాటి కింద ఉన్నవాళ్ళు కూడా కనబడుతున్నారు.

మొన్న వర్షాలప్పుడు ఒకామె వచ్చింది. స్పీకర్లో ఇదే పాట మోగుతోంది. అప్పుడే తప్పు పడ్డ కొత్త బ్యానరు తీసి ఇవ్వబోయాను. "ఇంకు వాసన లేనిది ఇవ్వు బాబూ, పిల్లకి దగ్గొస్తోంది" అంది. గోడ దగ్గర వెతికి రెండు నెలల కిందటి వర్ధంతిది ఒకటి ఇచ్చాను. లోపలికొచ్చేసరికి పాటలో ఆయన ఇంకా అరుస్తున్నాడు. ఆ పాటని స్పీకర్లో పెట్టడం అప్పటినుంచి మానేశాను. ఇంటికెళ్ళేటప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో వింటాను, బ్రిడ్జి దాటేదాకా.