టొలేడోలో ఒక రాత్రైనా ఉండండి

స్పెయిన్‌లోని టొలేడోకి మాడ్రిడ్ అటోచా స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో అరగంటే ప్రయాణం. అందుకే చాలామంది పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. మేం రెండు రాత్రులున్నాం. అదే మంచిదైంది.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మేం వెళ్లింది అనువాదకుడు క్రెమోనా గెరార్డో తిరిగిన ఊరు చూద్దామని. ప్రాచీన గ్రీకు పండితుడు టాలెమీ రాసిన ఖగోళ గ్రంథం 'అల్మాజెస్ట్' లాటిన్‌లో దొరక్క, దాన్ని వెతుక్కుంటూ 12వ శతాబ్దంలో ఇటలీ నుంచి ఇక్కడికి వచ్చాడాయన. 1085లో ఊరు ముస్లిం పాలకుల నుంచి క్రైస్తవ రాజు చేతికి వచ్చినా అరబ్బీ పుస్తకాలూ, వాటిని చదవగలిగినవాళ్లూ ఇక్కడే ఉండిపోయారు. గ్రీకు నుంచి అరబ్బీలోకి ఎప్పుడో వచ్చిన గ్రంథాల్ని ఆయన లాటిన్‌లోకి తెచ్చాడు. 1187లో చనిపోయేనాటికి డెబ్బైకి పైగా పూర్తిచేశాడు. నాన్న ఏళ్ల తరబడి పాఠం చెప్పిన యూక్లిడ్ కూడా అందులో ఉన్నాడు. 'అల్మాజెస్ట్' పేరే చూడండి: గ్రీకు 'మెగిస్తే', అంటే అన్నిటికన్నా గొప్పది. దాని ముందు అరబ్బీ 'అల్' వచ్చి చేరింది.

ఈ అనువాదాల్ని 'టొలేడో అనువాదకుల స్కూల్' పని అంటుంటారు, ఆ స్కూల్ భవనం కోసం మాత్రం వెతక్కండి. అలాంటి బడి అప్పట్లో లేదు, ఆ పేరు తర్వాతివాళ్లు పెట్టింది. మేం డబ్బు కట్టిన వాకింగ్ టూర్‌లో గైడ్ కత్తుల షాపులన్నీ తిప్పాడు గానీ గెరార్డో పేరే ఎత్తలేదు. నాన్న ముఖం చూస్తే బాధేసింది.

తప్పకుండా చూడాల్సింది 999లో కట్టిన క్రిస్టో డి లా లూజ్ మసీదు. చాలా చిన్నది. లోపల నాలుగు స్తంభాలు, పైన తొమ్మిది గుమ్మటాలు, ఏ రెండూ ఒకలా ఉండవు. బయట గోడమీద ఇటుకల్నే అక్షరాలుగా పేర్చి, కట్టిన సంవత్సరం అరబ్బీలో రాశారు. గెరార్డో ఉన్న రోజుల్లోనూ ఈ గోడ ఇక్కడే ఉంది. కెథడ్రల్ గొప్పదే, కానీ అది 1226లో మొదలైంది. టైమ్ తక్కువుంటే నా ఓటు మసీదుకే.

బస కోట గోడల లోపలే తీసుకోండి, లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. మా లాడ్జిలో లేదు, బుక్ చేసినప్పుడు చెప్పనూ లేదు. పెట్టెలు మూడో అంతస్తుకి మోసేసరికి నడుం పట్టేసింది. గది మాత్రం శుభ్రంగా ఉంది.

సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక వీధులు ఖాళీ. మసీదు దగ్గర మెట్లమీద కూర్చుని నాన్నకి గాలిబ్ అనే ఆయన సంగతి చెప్పాను. అరబ్బీ తెలిసిన ఈ ఊరి క్రైస్తవుడు. ఆయన అల్మాజెస్ట్‌ని వివరిస్తుంటే గెరార్డో లాటిన్‌లో రాశాడట. డానియల్ అనే ఇంగ్లండ్ పండితుడు ఆ మాట రాసిపెట్టాడు కాబట్టే మనకి తెలిసింది. నాన్న ఆ పేరు రెండుసార్లు పలికించుకుని తన డైరీలో రాసుకున్నారు.