సైకిలుకు ఏ తాళం మేలు: కేబులా, గొలుసా, యూ లాకా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కాపురముంటున్న మనవాళ్లలో కొత్తగా సైకిలు కొన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

సైకిలుతో పాటు దుకాణదారులు ఇచ్చే కేబుల్ లాకు, ప్లాస్టిక్ తొడుగు వేసిన సన్నని ఉక్కు తీగల పేట మాత్రమే. చేతి కట్టరుతో క్షణాల్లో తెగిపోతుంది. కళ్లెదుటే నిలిపి ఉంచిన సైకిలుకు అది చాలు. వెనుక చక్రానికి బిగించే రింగు తాళం సైకిలును తొక్కనివ్వదు గాని ఎత్తుకుపోకుండా ఆపలేదు.

అసలైన పోలిక గొలుసుకూ, ఇంగ్లీషు యూ అక్షరంలా వంచిన ఉక్కు కడ్డీకి అడ్డుకమ్మీ బిగించే యూ లాకుకూ మధ్యనే. హార్డ్‌వేరు దుకాణంలో కొలిచి ఇచ్చే మామూలు గొలుసు మెత్తని ఇనుము కనుక బోల్ట్ కట్టరుకు లొంగిపోతుంది. గట్టిపరచిన ఉక్కు గొలుసు లొంగదు గాని, రోజూ మోయడానికి భారం. మంచి యూ లాకు తక్కువ బరువుతోనే దానికి దీటైన రక్షణ ఇస్తుంది. ఉక్కును కోసే బ్యాటరీ గ్రైండరు పట్టుకొచ్చినవాడిని మాత్రం రెండూ కొంతసేపే ఆపగలవు.

అయితే, తాళం ఎంత గట్టిదన్న దానికన్నా దానిని దేనికి వేశామన్నదే ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం. ఇక్కడి అపార్టుమెంట్ల సెల్లారులో సైకిళ్లను స్తంభాల పక్కన నిలుపుతారు. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉన్న స్తంభం చుట్టుకొలత ఐదడుగులు. యూ లాకు సంగతి అటుంచి, మీటరు పొడవు గొలుసు కూడా దాని చుట్టూ తిరగదు. అందుకే చాలామంది చక్రాన్ని ఫ్రేముకు కలిపి తాళం వేసి పైకి వెళ్లిపోతారు. పదిహేను కిలోల సైకిలును అలాగే ఎత్తి ఆటోలో వేసుకుపోయి, తాళాన్ని తీరిగ్గా విరగ్గొట్టడం దొంగకు కష్టం కాదు. కాబట్టి, తాళం కొనడానికి ముందే అసోసియేషన్‌వారిని అడిగి, గోడకు యాంకరు బోల్టులతో ఇనుప కమ్మీ బిగించుకోవాలి; ఇందుకయ్యే ఖర్చును పదిమంది పంచుకోవచ్చు.

కమ్మీ ఉన్నచోట నేను యూ లాకుకే ఓటు వేస్తాను. గేర్లుండే వెనుక చక్రం ఖరీదైనది కనుక, లాకు ఆ చక్రాన్నీ ఫ్రేమునూ కమ్మీనీ కలిపి పట్టుకొనేలా వేయాలి. లాకు చిన్నదైతే లోపల ఖాళీ మిగలదు, గడ్డపార దూర్చి తిప్పడానికి వీలుండదు. ముందు చక్రం పనిముట్లు లేకుండా ఊడివచ్చే రకమైతే, పక్కన పెట్టిన ఆ కేబులు అక్కడ పనికొస్తుంది.

వానల్లో తాళంచెవి రంధ్రం కిందికి ఉండేలా తాళం వేసి, అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వేస్తే తుప్పు పట్టి బిగుసుకుపోదు. సాధారణంగా పెడల్ ఇరుసు కింద చెక్కి ఉండే ఫ్రేము నంబరును ఫొటో తీసి బిల్లుతో పాటు దాచుకుంటే, పోలీసు ఫిర్యాదులో ఆ సైకిలు మీదేనని చూపడానికి ఆధారం ఉంటుంది.