గ్రబ్ ప్యాకేజీ: అప్‌గ్రేడ్‌లలో ఎలా నిలబడింది

డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో కంప్యూటర్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్ గ్రబ్‌ను ఏళ్ల తరబడి వాడాక చెప్తున్న మాట: రోజువారీ బూటింగ్‌లో దానికి వంక పెట్టలేం. పేచీ అంతా అప్‌గ్రేడ్ నడిచేటప్పుడే. అన్ని ప్యాకేజీలూ సాఫీగా దిగి, చివర్లో గ్రబ్-పీసీ (బయోస్ మెషీన్ల గ్రబ్ ప్యాకేజీ) దగ్గర పోస్ట్-ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్ (ప్యాకేజీ దిగాక నడిచేది) ఎర్రర్‌తో ఆగిపోతుంది. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే టూల్ డీపీకేజీ దాన్ని సగం కన్ఫిగర్ అయిన స్థితిలో వదిలేస్తుంది.

అక్కడ చాలామంది చేసే తప్పు ఒక్కటే, రీబూట్ కొట్టడం. సిస్టమ్ ఇంకా నడుస్తోందంటే రిపేరు పది నిమిషాల పని. ఆపేశాక అదే పనికి లైవ్ యూఎస్‌బీ వెతుక్కోవాలి.

బయోస్ (మదర్‌బోర్డులోని పాత తరహా బూట్ సాఫ్ట్‌వేర్) మెషీన్లలో ఎక్కువసార్లు దోషం గ్రబ్‌ది కాదు, పాత అడ్రసుది. ఏ డిస్కులో ఇన్‌స్టాల్ చేయాలో ప్యాకేజీల సెట్టింగులు దాచే డెబ్‌కాన్ఫ్ గుర్తుపెట్టుకుంటుంది, అదీ డిస్కు మోడల్, సీరియల్ నంబరుతో. హార్డ్‌డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేశారనుకోండి, ఆ సీరియల్ ఇక మెషీన్‌లో ఉండదు. స్క్రిప్ట్ లేని డిస్కును వెతికి చేతులెత్తేస్తుంది. రూట్‌గా డీపీకేజీ-రీకన్ఫిగర్ గ్రబ్-పీసీ నడిపి, జాబితాలో మొత్తం డిస్కును టిక్ చేయండి. ఎస్‌డీఏ అయితే ఎస్‌డీఏనే, అందులోని పార్టిషన్ ఎస్‌డీఏ1 కాదు. తర్వాత డీపీకేజీని కన్ఫిగర్, ఆల్ ఆప్షన్లతో నడిపితే ఆగిన ప్యాకేజీలు పూర్తవుతాయి.

పాత డిస్కు పక్కనే ఇంకా తగిలించి ఉంటే ఇంతకన్నా ప్రమాదం: ఎర్రరే రాదు. కొత్త కోర్ ఇమేజ్ (గ్రబ్‌లో ముందుగా లోడయ్యే భాగం) ఆ పాత డిస్కులోకి పోతుంది, బూట్ డైరెక్టరీలో మాడ్యూళ్లు (అది తర్వాత లోడ్ చేసుకునే భాగాలు) మాత్రం కొత్తవి. బయోస్ బూట్ చేసే డిస్కులో పాత కోరే మిగులుతుంది. 2020 జులైలో గ్రబ్‌లోని బూట్‌హోల్ భద్రతా లోపానికి అప్‌డేట్ వచ్చినప్పుడు గ్రబ్-క్యాలక్ సింబల్ దొరకలేదంటూ రెస్క్యూ ప్రాంప్ట్‌లో (బూట్ ఆగిపోయి కమాండ్ కోసం చూసే తెర) ఇరుక్కున్నవాళ్ల కథ ఇదే. లైవ్ యూఎస్‌బీతో రూట్‌ను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను బైండ్ చేసి, క్రూట్‌లోకి (అంటే ఆ డిస్కులోని సిస్టమ్ లోపలికి) వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే తేరుకుంటుంది. ఆ వెంటనే రీకన్ఫిగర్ కూడా చేయాలి, లేకపోతే తర్వాతి అప్‌డేట్‌కి మళ్లీ ఇదే తంతు.

జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్కును బయోస్‌తో వాడేవాళ్లకు కోర్ ఇమేజ్ పెట్టుకునే బయోస్ బూట్ పార్టిషన్ తప్పనిసరి. 1 ఎంబీ చాలు, ఫార్మాట్ చేయకూడదు. సెక్టార్ 63 నుంచి పార్టిషన్ మొదలయ్యే పాత ఎంబీఆర్ (పాత తరహా పార్టిషన్ పట్టిక) డిస్కుల్లో ముందున్న ఖాళీ సుమారు 31 కేబీయే, కోర్ ఇమేజ్ పట్టకపోవచ్చు.

బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో ప్యాకేజీ వేరు, గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64. ముందు బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ నిజంగా మౌంట్ అయిందా చూడండి. దాన్ని ఫార్మాట్ చేస్తే యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) మారుతుంది, ఏవి మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పాతదే ఉండిపోతుంది. రీడ్-ఓన్లీగా మారిపోయి ఉంటే అన్‌మౌంట్ చేసి ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపాలి. అన్నట్టు, డిస్కులో బోలెడు చోటున్నా స్పేస్ లేదని మొండికేస్తే నిండింది మదర్‌బోర్డు ఎన్‌వీరామ్ (బూట్ ఎంట్రీలు దాచే చిన్న మెమరీ) కావచ్చు. ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌తో పనికిరాని ఎంట్రీలు తీసేయండి.

పనితనానికి పూర్తి మార్కులు, ఎర్రర్ సందేశాలకు సగం కూడా ఇవ్వలేను. అసలు కారణం నాలుగైదు వరుసల పైన ఉంటుంది, కంటికి ఆనేది కింది వరుస.

రిపేరు అయ్యాక మెనూలో విండోస్ కనబడకపోతే కంగారు వద్దు. గ్రబ్ 2.06 వెర్షన్ నుంచి మిగతా ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఈటీసీ డిఫాల్ట్ కింద గ్రబ్ ఫైల్లో డిజేబుల్-ఓఎస్-ప్రోబర్ విలువను ఫాల్స్ చేసి అప్‌డేట్-గ్రబ్ నడిపితే వచ్చేస్తుంది.