సాగు చేస్తూ కథలు రాయాలంటే: రోజూ కొంచెమా, కోతలయ్యాకా?

వ్యవసాయం చేసుకుంటూ పల్లె కథలు రాసేవాళ్లకి ప్రధానంగా రెండు దారులున్నాయి: రోజూ తెల్లారకముందే లేచి కాసేపు రాయడం, లేదా కోతలూ నూర్పిళ్లూ అయ్యాక తీరిగ్గా కూర్చోవడం.

రోజూ రాస్తే మాట పచ్చిగా దొరుకుతుంది. నాట్లప్పుడు గట్టు మీద సద్దిమూట విప్పుతూ, "గుత్తకైతే ఎకరానికెంతిస్తావయ్యా, మళ్లీ మధ్యాన్నం టీలు ఎగ్గొట్టకూడదు" అని కూలీల ముఠాలో పెద్దావిడ రైతుతో బేరమాడే తీరు ఉంటుంది చూడండి, అది ఆ సాయంత్రమే రాసుకోకపోతే వారం తిరిగేసరికి ఆవిడ మాట పోయి మన వాక్యం మిగులుతుంది. చేతులకి బురదున్నా ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఉంది, తెలుగు బాగానే పట్టుకుంటోంది. కాకపోతే జులైలో నాట్లు, వెనకే కలుపు, యూరియా కోసం క్యూ... ఈ టెన్షన్‌లో కథ ఎక్కడ ఆపామో కూడా గుర్తుండదు.

కోతలయ్యాక రాస్తే పాత్రలు తలలో నిలబడతాయి, నవలకి ఇదే మేలు. కానీ ఆ ఖాళీ ఎప్పుడొస్తుందో పంటే చెప్పాలి. ఖరీఫ్ వరి ఒక్కటే అయితే సంక్రాంతి నుంచి తీరికే. మిర్చి వేస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలే, కల్లంలో ఎండబెట్టి, తాలు (రంగు వెలిసిన కాయలు) ఏరి, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుంటూరు మార్కెట్ యార్డుకు చేరేదాకా కంటి మీద కునుకుండదు.

నా ఓటు కథలకి రోజూ పద్ధతికే, నవలకి మాత్రం ఖాళీ నెలలకి. మిర్చి రైతులకి ఆ ఖాళీ దొరికేది మేలోనే, తొలకరి పడేలోపు చిత్తుప్రతి పూర్తి చేసేయండి.