ఇంట్లో రిపేరు చేసి అమ్మడానికి ఏది మేలు: ఫోనా, ల్యాప్‌టాపా, కుట్టు మిషనా?

ఉద్యోగం పోయిన స్నేహితులు ఈమధ్య నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "పాడైనవి చవగ్గా కొని, ఇంట్లో బాగుచేసి అమ్ముదామనుకుంటున్నాం. దేనితో మొదలుపెట్టమంటావు?" నేనూ ఉద్యోగం పోయాకే ఈ పనిలోకి వచ్చాను. మొదట ఫోన్లు, తర్వాత ల్యాప్‌టాప్‌లు, ఇప్పుడు కుట్టు మిషన్లు. మూడింట్లోనూ నష్టపోయిన రోజులున్నాయి, మూడింట్లోనూ నాలుగు డబ్బులు చూసిన రోజులూ ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

స్క్రూడ్రైవర్ పట్టడం, సెకండ్ హ్యాండ్ ప్రకటనలు వెతకడం, బేరమాడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను. వాటి జోలికి పోను.

అందరూ ముందుగా అడిగేది "దేంట్లో ఎక్కువ మిగులుతుంది?" అని. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఇప్పుడు మాత్రం వేరే ప్రశ్న ముందు వేసుకుంటాను: అమ్మేవాళ్ల గుమ్మంలో నిలబడి, పది నిమిషాల్లో, ఈ వస్తువు జబ్బేమిటో నేను చెప్పగలనా? జీతం వస్తున్నప్పుడు ఒక వస్తువు తప్పుగా కొంటే బాధపడి ఊరుకుంటాం. ఆదాయం లేనప్పుడు ఆ డబ్బు ఇంటి అద్దెలోంచి తీసింది. చేతిలో ఉన్నది నాలుగు వస్తువులకు సరిపోయే డబ్బయితే, ఒకటి మూలన పడగానే పెట్టుబడిలో నాలుగో వంతు మూలన పడినట్టే. అందుకే రిపేరు ఎంత బాగా చేస్తామన్నదానికంటే, దేన్ని కొనకుండా వెనక్కి రాగలమన్నదే ఈ పనిని నిలబెడుతుందని నా నమ్మకం.

ఈ కొలతతో చూస్తే ఫోను అన్నిటికంటే అధ్వాన్నం. ఫోన్లంటే చాలామందికి ఆశ ఉండడం సహజమే. బల్ల మీద జానెడు చోటు చాలు, విడిభాగాలు దొరుకుతాయి, రిపేరు చూపించే వీడియోలకు లెక్కలేదు, మంచి స్థితిలో ఉంటే ఒక్కరోజులో అమ్ముడుపోతుంది. కానీ చవగ్గా దొరికే ఫోన్లలో ఎక్కువ భాగం తెర పగిలినవే. తెర పనిచేయని ఫోనులో లోపల ఇంకేముందో కనిపించదు. ఒక జబ్బు ఇంకో జబ్బును కప్పేస్తుంది.

నా రెండో ఫోను అలాంటిదే. అమ్మిన మనిషి "గ్లాసు ఒక్కటే పోయింది" అన్నాడు. కొత్త డిస్‌ప్లే తెప్పించి, రెండు సాయంత్రాలు కూర్చుని వేశాను. తెర వెలిగింది. వెలిగాక మొదటిసారి కనిపించింది, పాత యజమాని ఖాతా అడుగుతున్న పేజీ. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఇస్తే తప్ప ఫోను తెరుచుకోదు. ఐఫోన్లలో ఈ తాళం 2013లో, ఐఓఎస్ 7తో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో దాదాపు ఇలాంటిదే 2015లో, 5.1 వెర్షన్‌తో వచ్చింది. దొంగతనాలు తగ్గించడానికి పెట్టిన మంచి ఏర్పాటే, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. నాకు అమ్మినతను ఆ ఫోను ఇంకొకరి దగ్గర కొన్నాడట, వాళ్లెవరో అతనికీ తెలియదు. ఫోను డబ్బు, డిస్‌ప్లే డబ్బు రెండూ ఆ ఫోనులోనే ఇరుక్కుని ఉన్నాయి ఇప్పటికీ.

అయినా ఫోన్లే చేస్తానంటే, తెర వెలిగేవే కొనండి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరును (ఒక్కో ఫోనుకు ఒక్కోటి ఉండే గుర్తింపు సంఖ్య) బిల్లుతో సరిచూడండి, అమ్మేవాళ్ల చేతనే ఖాతా తీయించి, మీ ముందే రీసెట్ చేయించండి. ఐఫోన్ 11, ఆ తర్వాతి మోడళ్లలో డిస్‌ప్లే మారిస్తే, వేసింది అసలుదో కాదో ఫోను కనిపెడుతుంది. బయటి విడిభాగమైతే సెట్టింగ్స్‌లో రాసిపెడుతుంది, కొనేవాళ్లు అది చూసి ధర తగ్గించమంటారు. ఒకసారి విప్పి మూసిన ఫోనుకు నీళ్లు చొరబడవని మాట ఇవ్వకండి. ఇంత జాగ్రత్త పడ్డాక చవగ్గా మిగిలే ఫోన్లు ఎన్ని ఉంటాయో మీరే చూడండి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. ఒక్కో వస్తువు మీద మిగిలేది చూస్తే మూడింట్లో ఇదే ముందుంటుంది, అది దాచను. నెమ్మదిగా నడుస్తున్న పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి, ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాస్తే, యజమాని సైతం గుర్తుపట్టనంత చురుగ్గా నడుస్తుంది. ఒక పూట పని.

స్విచ్ ఆన్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే గుమ్మంలోనే చాలా తెలుస్తుంది. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీస్తే కొత్తలో కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఎంత నిండుతోంది అని పక్కపక్కనే చూపిస్తుంది. మూత నాలుగుసార్లు తెరిచి మూస్తే కీళ్లు ఎలా ఉన్నాయో చేతికి తెలుస్తుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టుంటే కింద బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి, అలాంటిది ఇంటికి తెచ్చుకోవద్దు. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి చూడడం మర్చిపోకండి. అక్కడ పాస్‌వర్డ్ ఉంటే, లోపలి నాణెం బ్యాటరీ తీసి పెడితే పోతుందనేది ఆఫీసు మోడళ్లలో చాలావాటికి పనిచేయదు. ఆఫీసులు వదిలేసిన మిషన్లలో ఇంకో చిక్కూ ఉంది. కొన్ని ఆ సంస్థ నిర్వహణలోనే ఉండిపోతాయి. విండోస్ కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్‌కి కలపగానే ఆ సంస్థ లాగిన్ అడుగుతాయి. కొనేముందు రీసెట్ చేయించి, ఇంటర్నెట్‌కి కలిపి చూడాలి.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్లయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే దాని జాబితాలో ఉన్నాయి. అందుకే ఏడో తరం, అంతకంటే పాతవి చవగ్గా కుప్పలుగా కనిపిస్తున్నాయి. బాగానే పనిచేస్తాయి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే హాయిగా నడుస్తాయి. కానీ లినక్స్ కావాలని వచ్చే కొనుగోలుదారు అరుదు. ఆ ధరలు చూసి మోసపోకండి.

అసలు ఆన్ కాని ల్యాప్‌టాప్‌ల దగ్గర నా కొలత మళ్లీ ఓడిపోతుంది. అలాంటివి మూడు ఒకేసారి కొన్నాను. ఒకదానికి ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెడితే చాలింది. ఒకదానికి ఛార్జింగ్ జాక్ మార్చాను. మూడోది మదర్‌బోర్డులో షార్టు, బోర్డు మూలన టీయో కాఫీయో ఒలికి ఎండిన మరక. ఈ మూడూ బయట నుంచి చూస్తే ఒక్కలాగే ఉన్నాయి. బోర్డు స్థాయిలో సోల్డరింగ్ చేసిన అనుభవం మీకు ఉంటే నా మాట పక్కనపెట్టి ల్యాప్‌టాప్‌లే చేయండి. మీ కళ్లకు నాకు కనిపించనివి కనిపిస్తాయి.

ఇక కుట్టు మిషన్. కొనడానికి వెళ్లేటప్పుడు సంచిలో నాలుగే పెట్టుకుంటాను: రెండు మడతలేసిన నూలు గుడ్డ, ఎర్రదారం, తెల్లదారం, 90/14 సైజు కొత్త సూది. ముందు చక్రం చేత్తో నావైపు తిప్పుతాను. సాఫీగా తిరిగిందా, ఒకచోట పట్టేసిందా, అసలు కదలడం లేదా? సూది మారుస్తాను. పైన ఎర్రదారం, బాబిన్‌లో (కింది దారం చుట్టే చిన్న కండెలో) తెల్లదారం వేసి ఓ జానెడు కుడతాను. గుడ్డ తిప్పి చూస్తే మిషన్ తన జబ్బు తానే చెబుతుంది. పైన తెల్లచుక్కలు కనిపిస్తే పైదారం బిగువు ఎక్కువ. కింద ఎర్రదారం ఉచ్చులు ఉచ్చులుగా చిక్కుపడితే అందరూ బాబిన్ పాడైందనుకుంటారు, నిజానికి తప్పు పైదారంలో ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉండడంతో దారం వాటి మధ్యలోకి వెళ్లదు, దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కిస్తే చాలు. "పాడైంది" అని నాకు అమ్మిన మిషన్లలో ఈ ఒక్క కారణంతో మూలన పడ్డవి ఐదు ఉన్నాయి.

సూది కొత్తదే అయినా కుట్టు తప్పిపోతుంటే, షటిల్ (సూది కింద తిరుగుతూ పైదారాన్ని పట్టుకునే కొక్కెం) కొన టైమింగ్ చూడాలి. సూది బాగా కిందికి దిగి, తిరిగి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, షటిల్ కొన సూది కన్నుకు కొంచెం పైన, వెనకగా రావాలి. అప్పుడే దారం విడిచిన చిన్న ఉచ్చును అది అందుకుంటుంది. మూత తీసి, చక్రం మెల్లగా తిప్పుతూ చూస్తే ఇదంతా మామూలు కంటికి కనిపిస్తుంది. నాకు ఈ మిషన్లంటే గౌరవం కలిగింది అక్కడే. వీటిలో దాచిపెట్టేదేమీ లేదు. తాళం లేదు, ఖాతా లేదు, పాస్‌వర్డ్ లేదు.

పూర్తిగా బిగుసుకుపోయినవి కూడా భయపెట్టవు. చాలావాటిలో పాత నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. ఇంట్లో ఉన్న వంటనూనె వేసినవాళ్లూ ఉంటారు, అది ఇంకా గట్టిగా పట్టేస్తుంది. కీళ్లలో కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున మెల్లగా ఆడిస్తే కదలడం మొదలవుతుంది. తుడిచి, ఆరనిచ్చి, మిషన్ నూనె వేయాలి. గుడ్డను ముందుకు తోసే పళ్ల కింద పేరుకున్న పీచు తీస్తే బొటనవేలంత ముద్ద వస్తుంది. ఈ పనిని ఎక్కడైనా ఆపి లేవొచ్చు. మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉందని ఫోను వస్తే కిరోసిన్‌లో ఉన్న మిషన్ ఒకరోజు ఎక్కువ ఉన్నా ఏమీ కాదు. సగం విప్పిన ఫోను అలా కాదు, గోరంత స్క్రూల్లో ఏది ఎక్కడిదో మర్నాటికి గుర్తుండదు. ఉద్యోగం వెతుక్కుంటూ చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కొనకూడనివీ చెబుతాను. సూది కడ్డీకి తుప్పు పట్టినవి, బాడీ పగిలినవి, కంప్యూటర్ బోర్డు ఉన్నవి వదిలేయండి. కొన్ని పాత జిగ్‌జాగ్ మోడళ్లలో లోపల ప్లాస్టిక్ పళ్లచక్రాలు ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ చిట్లిపోతాయి, వాటికి జత దొరకడం కష్టం. మోటారు ఉన్నవాటికి వైరు పైతొడుగు ఎండి పగిలిందేమో చూడండి, మల్టీమీటరుతో బాడీకి కరెంటు పాకడం లేదని తేల్చుకోకుండా ఎవరికీ అమ్మవద్దు.

లోటు లేదని కాదు. ఇనుప మిషన్ బరువు, మోయాలంటే నడుము జాగ్రత్త. అమ్మడానికి ఫోనులా ఒక్కరోజు చాలదు, నాకు సగటున రెండు మూడు వారాలు పడుతోంది. ఒక్కోదాని మీద మిగిలేది ల్యాప్‌టాప్ కంటే తక్కువే. కానీ కొన్న ప్రతిదీ అమ్ముడైంది. అద్దె కట్టాల్సిన నాకు అదే ముఖ్యం.

మిగతావి క్లుప్తంగా. సైకిళ్లు నా రెండో ఎంపిక. వీటి జబ్బూ కంటికి కనిపించేదే, గొలుసు అరుగుదలను స్కేలుతో కొలవొచ్చు: లోపలి లింకు, బయటి లింకు కలిపి ఒక జతగా లెక్కిస్తే 12 జతలు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి, అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే గొలుసుతోపాటు పళ్లచక్రాలు కూడా మార్చాల్సి రావొచ్చు. నాకు నిలబెట్టే చోటు లేక మానుకున్నాను. చెక్క సామానుకు చోటూ కావాలి, పాలిష్ ఆరేదాకా ఓపికా కావాలి. టీవీలు తెర బాగుంటేనే. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం విప్పకండి, ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

డబ్బు విషయంలో నేను కచ్చితంగా పాటించేది ఒక్కటే: ఒకటి అమ్ముడయ్యాకే ఇంకోటి కొనడం. మొదట్లో ఇది తప్పి, ల్యాప్‌టాప్‌లు మూడు ఒకేసారి తెచ్చిన నెల చాలా కష్టంగా గడిచింది. నిరుద్యోగ భృతి తీసుకుంటున్నవాళ్లు మొదటి అమ్మకానికి ముందే, ఈ ఆదాయం చూపించాలా అని ఆ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇప్పటిదాకా పందొమ్మిది మిషన్లు అమ్మాను. కొనడానికి వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి కుట్టమంటాను, రెండు రంగుల దారంతో కుట్టిన గుడ్డముక్క పాదం కిందే ఉంచుతాను. రెండు మిషన్లు తిరిగి వచ్చాయి. ఒకదానికి సూది చదునైన వైపు తిప్పి పెట్టారు, ఇంకోదానికి పాదం దించి దారం ఎక్కించారు. రెండింట్లోనూ నేను మార్చిన భాగమేమీ లేదు, పక్కన కూర్చుని చూపించానంతే. అప్పటినుంచి ప్రతి మిషన్‌తో చేత్తో రాసిన చిన్న చీటీ ఒకటి ఇస్తున్నాను, ఆ రెండు విషయాలూ పెద్ద అక్షరాలతో, కింద నూనె ఎక్కడ వేయాలో బొమ్మ.